హబ్ మోటార్ చక్రానికి లావు స్పోకులు మందు కాదు

ఎలక్ట్రిక్ సైకిళ్లు నడిపేవారి మధ్య ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతోంది. హబ్ మోటార్ (చక్రం మధ్యలోనే ఉండే మోటార్) చక్రంలో స్పోకులు తెగుతుంటే 12 గేజ్ లావు స్పోకులు వేయించాలి, మామూలు సైకిల్ వెనుక చక్రంలా మూడు క్రాసులు (ఒక్కో స్పోకు మరో మూడు స్పోకులను దాటేలా) అల్లించాలి, వీలైనంత గట్టిగా బిగించాలి, రిమ్ము మాత్రం పాతదే ఉంచుకోవచ్చు. ఈ నాలుగు మాటల్లో ఒక్కటీ నిలబడదు. పాత సైకిల్‌కు మోటార్ కిట్ బిగించుకుని, పాల క్యాన్లో పార్శిళ్లో మోసి బతికేవారు ఇది నమ్మి డబ్బు పెట్టి, కొన్ని వారాలకే అదే చక్రం పట్టుకుని తిరిగి రావడం చూస్తే మనసు కష్టపడుతుంది. అందుకే ఒక్కో మాటా విడదీసి చెబుతాను.

సన్నగా ఉండటం వల్లే స్పోకులు తెగుతాయన్నది మొదటి మాట. తెగిన స్పోకును పారేయకుండా వెలుతురులో పట్టుకుని చూడండి. భారం తట్టుకోలేక తెగిన ఉక్కు తెగే ముందు సాగుతుంది, ఆ చోట సన్నబడుతుంది. మీ చేతిలోని ముక్క అలా ఉండదు. తల దగ్గరి వంపులోనే తెగి ఉంటుంది, లావు ఏమాత్రం తగ్గదు. తెగిన ముఖంలో ఒక భాగం నున్నగా, మిగతాది గరుకుగా కనిపిస్తుంది. నున్నటి భాగంలో పగులు రోజుల తరబడి మెల్లగా పాకింది, గరుకు భాగం చివర్లో ఒక్కసారిగా విరిగింది. కట్టుతీగను అటూ ఇటూ వంచి తెంపడం లాంటిదే ఇది. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలవైపు వచ్చిన స్పోకు కాస్త వదులై మళ్లీ బిగుస్తుంది. 26 అంగుళాల చక్రం కిలోమీటరుకు 480 సార్లకు పైగా తిరుగుతుంది. బిగువు చాలకపోతే అన్నిసార్లూ ఆ వంపు కదులుతుంది.

మామూలు 14 గేజ్ స్పోకు 2 మిల్లీమీటర్ల లావు. అది తెగాలంటే 250 కిలోలకు పైగా లాగాలి. మామూలు అల్యూమినియం రిమ్ములో ఒక్కో రంధ్రం భరించేది 100 నుంచి 120 కిలోల లాగుడు. అంటే స్పోకు బలం ఇప్పటికే మిగులులో ఉంది. రిమ్ముకే అంత బలం లేదు.

ఇక 12 గేజ్ వేస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. దాని లావు సుమారు 2.6 మిల్లీమీటర్లు, అడ్డుకోత వైశాల్యం 14 గేజ్ కంటే దాదాపు 70 శాతం ఎక్కువ. 180 మిల్లీమీటర్ల పొడవున్న 14 గేజ్ స్పోకును 100 కిలోల బిగువుతో లాగితే 0.29 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే బిగువుకు 12 గేజ్ సాగేది 0.17 మాత్రమే. ఇప్పుడు గుంతలో పడి రిమ్ము 0.2 మిల్లీమీటర్లు లోపలికి నొక్కుకుందనుకోండి. 14 గేజ్‌లో ఇంకా 30 శాతం బిగువు మిగిలి ఉంటుంది. 12 గేజ్‌లో ఏమీ మిగలదు, ఆ క్షణానికి స్పోకు పూర్తిగా వదులు. లావు స్పోకును కూడా అంతే సాగదీయాలంటే 170 కిలోల దాకా బిగించాలి. అంతవరకు వెళ్తే రిమ్ము రంధ్రాల చుట్టూ పగుళ్లు వస్తాయి. మోటార్‌సైకిల్ లేదా మోపెడ్ రిమ్ము వేసేవారి సంగతి వేరు. ఆ రిమ్ము అంత లాగుడు తట్టుకుంటుంది కాబట్టి వారికి లావు స్పోకులే సరైనవి.

సైకిల్ రిమ్ముకు తగినది తల దగ్గర 2.3, మిగతా పొడవునా 2 మిల్లీమీటర్లుండే 13–14 గేజ్ బటెడ్ స్పోకు. హబ్ మోటార్ చక్రాలు కట్టే కెనడాలోని గ్రిన్ టెక్నాలజీస్ ఇష్టపడేదీ ఇదే రకం. అది దొరకకపోతే మంచి కంపెనీ 14 గేజ్ చాలు. అయితే చాలా మోటార్ల ఫ్లాంజ్ (స్పోకు తలలు కూర్చునే అంచు) రంధ్రాలు లావు స్పోకులకు తగ్గట్టు పెద్దవిగా వస్తాయి. సన్న స్పోకు వాటిలో ఆడుతుంది. తల కింద చిన్న ఇత్తడి వాషరు వేస్తే వంపు ఫ్లాంజ్‌కు అతుక్కుని కూర్చుంటుంది. ఈ వాషరును చాలామంది పట్టించుకోరు, పనిలో సగం విలువ దానిదే.

మూడు క్రాసుల మాట మరింత నష్టం చేస్తుంది. మామూలు సైకిల్ హబ్బు చిన్నది కాబట్టి అక్కడ మూడు క్రాసులు పెట్టినా స్పోకు రిమ్ములోకి దాదాపు నిటారుగా, నాలుగు డిగ్రీల వాలుతో దిగుతుంది. 23 సెంటీమీటర్ల వ్యాసమున్న మోటార్‌ను 26 అంగుళాల, 36 రంధ్రాల రిమ్ములో అలాగే అల్లితే ఆ వాలు 25 డిగ్రీలు అవుతుంది. స్పోకును రిమ్ముకు బిగించే నిపుల్ అంతగా వాలడం కుదరదు కాబట్టి స్పోకు మర దగ్గర వంగుతుంది, అక్కడే తెగుతుంది. ఒక్క క్రాస్ పెడితే వాలు 14 డిగ్రీలే. మరి మోటార్ తోపుకు అది సరిపోతుందా అని అడుగుతారు. ఒక్క క్రాస్‌లోనూ ఇరుసు మధ్య నుంచి స్పోకు గీతకు 65 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. చిన్న హబ్బులో మూడు క్రాసులకు ఆ దూరం 20 మిల్లీమీటర్లే. ఆ దూరం ఎక్కువైన కొద్దీ మోటార్ తోపు వల్ల ఒక్కో స్పోకుపై పడే లాగుడు తగ్గుతుంది. 40 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే మోటార్ తోపును 36 స్పోకులకు పంచితే ఒక్కోదానిపై రెండు కిలోలు కూడా పడదు. 20 అంగుళాల చక్రంలో పెద్ద మోటార్ అయితే ఆ ఒక్క క్రాస్ కూడా మానేసి నేరుగా అల్లడమే మేలు.

ఎంత బిగిస్తే అంత మంచిదన్న మాటకు పైన చెప్పిన రిమ్ము పరిమితే జవాబు. గట్టిదనం కంటే ఒకే వైపు స్పోకులన్నీ ఒకే బిగువులో ఉండటం ముఖ్యం. టెన్షన్ మీటరు లేకపోతే ఒక్కోటి మీటి ధ్వని పోల్చండి. తేడా చెవికి తెలుస్తుంది.

రిమ్ము పాతదైనా ఫర్వాలేదట! అసలు డబ్బు పెట్టాల్సింది దానిమీదే. ఒకసారి వంగిన రిమ్మును తిన్నగా కనిపించేలా చేయాలంటే కొన్ని స్పోకులు అతిగా బిగించి, కొన్ని వదిలేయాలి. ఆ వదులు స్పోకులే ముందు తెగుతాయి. రెండు గోడల, కాస్త లోతైన అల్యూమినియం రిమ్ము గుంత దెబ్బను ఎక్కువ స్పోకులకు పంచుతుంది. మన నల్ల సైకిళ్ల 28 అంగుళాల రిమ్ములకు ముందు 32, వెనుక 40 రంధ్రాలుంటాయి, ఎక్కువ మోటార్లకు 36 ఉంటాయి. లెక్క కుదరని రిమ్ముకు కొత్త రంధ్రాలు వేయించకండి. రిమ్ము మారితే స్పోకు పొడవూ మారుతుంది కాబట్టి ముందు రిమ్ము కొని, నిపుల్ కూర్చునే చోటు నుంచి ఎదుటి చోటుకు కొలిచి, ఆ తర్వాతే స్పోకులు తెప్పించండి.

అల్లడం పూర్తయ్యాక పక్కపక్క స్పోకులను జతగా పట్టుకుని గట్టిగా నొక్కితే వంపులు సర్దుకుంటాయి. మొదటి 100 కిలోమీటర్ల తర్వాత చక్రాన్ని మళ్లీ స్టాండు మీద పెట్టి, వదులైన నిపుల్స్‌ను పావు చుట్టు చొప్పున బిగించండి.