రెండు చేతులూ దారంలో ఉంటే ఫోన్ ఎవరు పట్టుకుంటారు?

పల్లెటూరి ఆటల గురించి ఎవరు రాసినా, ఏ స్కూలు వార్షికోత్సవంలో స్టాల్ పెట్టినా జాబితా ఒకటే. కర్రాబిళ్ల, గోళీలు, తొక్కుడుబిళ్ల, అష్టాచెమ్మా, వామనగుంటలు. వేళ్లకు దారం తగిలించుకుని బొమ్మలు కట్టే ఆట అందులో కనిపించదు. దానికి గెలుపోటములు లేవు, పాయింట్లు లేవు. ఫొటో తీస్తే ఇద్దరు పిల్లలు మూల కూర్చుని గొణుక్కుంటున్నట్టు ఉంటుంది. కప్పు ఇవ్వడానికి వీల్లేని ఆటను మన బడులు ఆటల కింద లెక్కపెట్టవు. జాబితాలో చేరిస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. ఎవరు నేర్పాలన్నది తేలకుండా చేర్చి లాభం లేదు.

యూట్యూబ్ ఉందిగా అంటారు. చూసి ప్రయత్నించండి. రెండు మీటర్ల నూలు దారం తీసుకుని చివరలు ముడేయండి. నైలాన్ వద్దు, జారిపోతుంది, గట్టిగా లాగితే వేళ్లు కోస్తుంది. బొటనవేళ్లు వదిలేసి మిగతా నాలుగు వేళ్ల వెనక నుంచి పోయేలా దారాన్ని రెండు చేతులకూ తగిలించి, ఒక్కో అరచేతికీ ఇంకో చుట్టు తిప్పండి. కుడి మధ్యవేలితో ఎడమ అరచేతి మీది పోగును కింద నుంచి ఎత్తాలి. ఎడమ మధ్యవేలితో కుడి అరచేతి మీది పోగునూ అలాగే. చేతులు ఎడంగా జరిపితే మొదటి బొమ్మ, ఉయ్యాల. ఇంతవరకూ వీడియో చూసి వచ్చేస్తుంది.

తర్వాతే చిక్కు. ఉయ్యాలలో ఇటొకటి అటొకటి ఇంటూ గుర్తులు పడతాయి. ఎదుటి మనిషి వాటిని చెరో చేత్తో చిటికెలో పట్టి, బయటికి లాగి, అంచున తిన్నగా ఉన్న పోగుల కింద నుంచి తిప్పి, మధ్యలోంచి పైకి తేవాలి. అప్పుడు మొదటి మనిషి మెల్లగా చేతులు జార్చేసుకోవాలి. దారం రెండో మనిషి చేతుల్లో నులకమంచంలా పరుచుకుంటుంది. ఆ ఎదుటి మనిషే లేకపోతే ఆట ఉయ్యాల దగ్గరే ఆగిపోతుంది.

ఒక్కరే కట్టుకునే బొమ్మలు బోలెడున్నాయి, నిజమే. కానీ వాటికీ వీడియో పనికొచ్చేది కొంతే. ఆపి వెనక్కి తిప్పుదామంటే చెయ్యి ఖాళీ ఉండదు. ఒక చెయ్యి తీశామా, కట్టిందంతా పోయింది. మనకు ఎదురుగా కూర్చుని చూపిస్తున్నారంటే కుడి ఎడమలూ తారుమారు. అదే పక్కన ఒక పెద్దావిడ ఉంటే, “అది కాదమ్మా, దాని అవతలి పోగు” అంటూ మన చిటికెన వేలిని తనే పట్టుకుని పోగు కిందికి దూర్చేస్తుంది.

ఇది పిల్లకాయల కాలక్షేపమేగా అనుకునేవాళ్ల కోసం కొంచెం చరిత్ర. ఒకటో శతాబ్దపు గ్రీకు వైద్యుడు హెరాక్లాస్ విరిగిన దవడను కట్టడానికి వాడే దారపు ఉచ్చును వివరించాడు. లిఖితంగా మనకు దొరుకుతున్న దారపు బొమ్మల్లో అదే మొదటిదని చెబుతారు. 1898లో ఆస్ట్రేలియా, న్యూగినీల మధ్య ఉన్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్లిన హాడన్, రివర్స్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడివాళ్ల బొమ్మలు చూసి, ఏ వేలు ఏ పోగును ఎటు నుంచి ఎత్తాలో పొల్లుపోకుండా రాసే పద్ధతిని 1902లో ప్రచురించారు. 1978లో జపాన్‌లో దీనికోసం ఒక సంఘమే పుట్టింది. మన తీరానికి దగ్గరి మనిషి జేమ్స్ హార్నెల్. ఈయన మద్రాసు ప్రెసిడెన్సీలో మత్స్యశాఖ డైరెక్టరుగా చేశారు. అప్పట్లో నెల్లూరు తీరమూ ఆ ప్రెసిడెన్సీలోదే. రిటైరయ్యాక 1932లో ఆయన ప్రచురించింది గుజరాత్, కాఠియావాడ్ దారపు బొమ్మల మీద. అక్కడి పిల్లలకు దక్కిన అదృష్టం అది.

కాగితం మీదికి ఎక్కితే ఆట చరిత్రలో నిలుస్తుంది, కాదనను. హాడన్ పద్ధతిలో రాసిన పేరా ఒకటి ముందు పెట్టుకుని కట్టబోతే మాత్రం మూడో వాక్యానికల్లా టెన్షన్ మొదలవుతుంది. తెలిసినవాళ్లకు గుర్తుచేయడానికే అది బాగా పనికొస్తుంది.

లెక్కల టీచర్లకు ఇందులో పని ఉంది. బొమ్మ ఎంత చిక్కుగా కనిపించినా మధ్యలో కొత్త ముడేమీ పడదు. తీసుకున్నది మామూలు ఉంగరం లాంటి దారమైతే చివరిదాకా అది అదే. ఎందుకని అని ఆరో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. (గణితం పేరు ఎత్తకపోతే మనవాళ్లు ఏ ఆటనూ బడి గుమ్మం ఎక్కనివ్వరు, అందుకే ఈ ముక్క.)

ఇంతకీ నేర్పేదెవరు? 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా, వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల వంటి స్థానిక వృత్తులవాళ్ల దగ్గర గడపాలని చెప్పింది. ఆ వరుసలో నెల్లూరు మూలాపేట గుడి దగ్గర పూలు కట్టే ఆడవాళ్లను ఎందుకు చేర్చకూడదు? మైపాడులో, కొత్తపట్నంలో చినిగిన వలల్ని ఇసుకలో పరుచుకుని బాగుచేసే పెద్దవాళ్లను ఎందుకు పిలవకూడదు? వాళ్లందరికీ ఈ బొమ్మలు వచ్చని నేననడం లేదు. కానీ దారం ఎక్కడ దూరి ఎక్కడ తేలుతుందో వాళ్ల వేళ్లకు తెలుసు. ఒకసారి చూస్తే పట్టేస్తారు. పిల్లలకు తప్పు ఎక్కడ జరిగిందో చెప్పగలరు. ఇంట్లో అవ్వ దగ్గర ఒకటో రెండో బొమ్మలు నేర్చిన పిల్లలు క్లాసులోనే ఉండొచ్చు, వాళ్లనీ పక్కన కూర్చోబెట్టాలి. క్లాసులో ప్యానెల్ టీవీ ఉందని వీడియో వేసేస్తే ఆ పది రోజులకు అర్థం లేదు.

పిలవడం అంటే ఊరికే పిలవడం కాదు. పూట పోతే పూల బేరం పోతుంది. కార్తీకంలో అయితే మరీ. శాలువా కప్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపే అలవాటు మనకుంది, దాంతో వాళ్ల ఇల్లు గడవదు. ఆ రోజు కూలి ఎంతో ముందే మాట్లాడుకుని, క్లాసు అయిన వెంటనే చేతికివ్వాలి.