నమ్మకానికి మూలం వేళచ్చేరిలో ఉంది

అరవై రెండో ఏట పదకొండో ఎక్కం మళ్లీ అప్పజెప్పవలసి వస్తుందని నేను అనుకోలేదు. మనవడికి నేర్పడానికి కాదు, నా ల్యాప్‌టాప్‌లోకి నేను ప్రవేశించడానికి. ఆ అనుభవం నాలో కలిగించిన వినయాన్ని జిల్లా ప్రజలతో పంచుకోవడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

ముందు రోజు రాత్రి యంత్రం ఫర్మ్‌వేర్, అంటే తనను నిద్ర లేపే మూల ప్రోగ్రాము, అప్‌డేట్ చేసుకుంటానంది. చేసుకోమన్నాను. ఇంట్లో పిల్లలు తలంటు పోసుకుంటామంటే ఎవరైనా వద్దంటారా? ఛార్జరు తీయవద్దని, మధ్యలో ఆపవద్దని తెర మీద గట్టిగా హెచ్చరించింది. నెల్లూరు వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో దానికి ఎలా తెలుస్తుంది పాపం! బ్యాటరీ నిండుగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, దర్గామిట్టలోని మా ఇంటి వసారాలో, పురిటి గది బయట తచ్చాడే మనిషిలాగా పదకొండింటిదాకా కాపలా కాశాను. తెల్లవారి తెరిస్తే నీలం తెర. రికవరీ కీ చెప్పమంది. 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు.

డిస్కులోని సమాచారాన్ని ఇతరులు చదవకుండా చేసే బిట్‌లాకర్ అనే విండోస్ తాళం పడి ఉందన్న సంగతి నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నేను వేయలేదు. ఈ కాలపు విండోస్ యంత్రాల్లో చాలావాటికి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లగానే ఆ తాళం దానంతట అదే పడుతుందట. నా ఇంటికి నాకు చెప్పకుండా తాళం వేసి, తాళంచెవి ఏదని నన్నే అడిగే మర్యాద ఇది. కోపం తెచ్చుకోలేదు. కోపం అజ్ఞానుల లక్షణం. కాఫీ తాగి విచారణ మొదలుపెట్టాను.

విచారణలో తేలినదేమిటంటే, ల్యాప్‌టాప్ నిద్ర లేవడం ఒక పెళ్లి, వచ్చే అతిథులు ప్రోగ్రాములు. గుమ్మంలో ఒక పెద్దమనిషి నిలబడతాడు, ఆయన పేరు సెక్యూర్ బూట్. శుభలేఖ మీద సరైన సంతకం ఉన్నవాడినే లోపలికి పంపిస్తాడు. లోపల బల్ల వేసుకుని ఇంకొకాయన కూర్చుంటాడు, ఆయన టీపీఎం అనే చిన్న చిప్పు. ఆయన ఎవరినీ ఆపడు. చదివింపులు రాసుకున్నట్టు, ఎవరు వచ్చారు, ఏ వరుసలో వచ్చారు అన్నది మాత్రం పుస్తకంలో రాసుకుంటూ పోతాడు. ఆ పుస్తకంలో 24 గడులు. సున్నా నంబరు గడిలో ఫర్మ్‌వేర్ కొలత, అంటే వేలిముద్రలాంటి లెక్క, ఏడో గడిలో గుమ్మం దగ్గరి పెద్దమనిషి మెలకువగా ఉన్నాడా, ఆయన చేతిలోని జాబితాలు ఏమిటి అన్న వివరం. చివర్లో ఆ తాళానికి ముడిపెట్టిన గడులు నిన్నటిలాగే ఉంటేనే డిస్కు తాళంచెవి బయటికి ఇస్తాడు. లేకపోతే మౌనం. అప్పుడే నీలం తెర.

ఈ రాసుకోవడంలో గొప్ప విశేషం ఒకటుంది. గడిలో ఉన్న పాత విలువను, కొత్తగా వచ్చినదాని కొలతను కలిపి మళ్లీ కొత్త విలువ కడతారు. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉండవు. మా అమ్మ చేపల పులుసు ఇంతే. చింతపండు రసం ఎప్పుడు పోసింది, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేసింది అన్నదంతా చివరి రుచిలో ఉండేది. ఒక్క ముక్క ముందు పడినా మా నాయన మొదటి ముద్దలోనే తలెత్తి చూసేవారు. పులుసు లోంచి ఉప్పు వెనక్కి తీయలేం, టీపీఎం గడి లోంచి కొలతా తీయలేం. యంత్రాన్ని ఆపి మళ్లీ వేస్తేనే ఆ గడి మొదటికి వస్తుంది, అంటే పొయ్యి మీద కొత్త చట్టి పెట్టినట్టు.

ఇంతకూ నా నేరం ఏమిటి? అప్‌డేట్‌తో పాటు గుమ్మం దగ్గరి జాబితాలు మారాయి. ఏడో గడి మారింది. యంత్రం అదే, డిస్కు అదే, మూత మీద మా మనవడు అతికించిన డైనోసార్ బొమ్మ కూడా అదే. అయినా ఇది నిన్నటి యంత్రం కాదని చిప్పు తీర్మానించింది. ఇందులో వింతేమీ లేదని మా అమ్మ పుట్టిల్లు కందుకూరును తలుచుకున్నాక అర్థమైంది. 2022 ఏప్రిల్‌లో ఆ ఊరు ప్రకాశం జిల్లాలోంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. ఇల్లు కదలలేదు, వేపచెట్టు కదలలేదు, అరుగు మీద కూర్చునే ముసలివాళ్లు అసలే కదలలేదు. కాగితాల మీద మాత్రం మనుషులంతా పక్క జిల్లావాళ్లయ్యారు. నాకు తెలిసి ఆ అరుగు మీది ఒక పెద్దాయన తాను తానేనని నిరూపించుకోవడానికి నాలుగుసార్లు బస్సెక్కాడు. ఆయనను మాత్రం 48 అంకెలు ఎవరూ అడగలేదు.

విపత్తు వేళ బంధుబలం ఉండాలి. ఒంగోలులో ఉండే మా బావమరిదికి ఫోను చేశాను. ఆయన ఏ విషయంలోనైనా ఒంగోలు గిత్తలాగా ముందుకు దూకుతాడు. అరక వెనక ఉందా లేదా అని చూసుకునే అలవాటు లేదు.

"బావా, బయాస్‌లోకి వెళ్లి టీపీఎం క్లియర్ కొట్టు. అన్నీ సర్దుకుంటాయి."

"తాళంచెవి దాని దగ్గరే ఉందట గదయ్యా?"

"అందుకే గదా తుడిచేయమంటున్నాను!"

పాత యంత్రాలకు అలవాటుపడిన మనుషుల్లో ఈ ధైర్యం సహజం. 1981 నాటి ఐబీఎం పీసీలో ఫర్మ్‌వేర్ పేరు బయాస్, అది ఎవరినీ అనుమానించేది కాదు. డిస్కు మొదటి సెక్టారులో ఏది ఉంటే దాన్ని చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళ్లేది. దాని స్థానంలో ఇప్పుడున్నది యూఈఎఫ్‌ఐ. ఇందులో టీపీఎం క్లియర్ అన్న మీటకు, తెర వెలుగు తగ్గించే మీటకు చూపులో తేడా ఉండదు, ఫలితంలో ఉంటుంది. రికవరీ కీ చేతిలో లేకుండా అది నొక్కితే, చదివింపుల పుస్తకం రాసే మనిషినే చెరువులో తోసినట్టు. నేను నొక్కలేదు. బావమరిది మాట వినని మొదటి సందర్భంగా ఇది మా కుటుంబ చరిత్రలో నిలిచిపోతుంది. ఆయన కొడుకు ఇంజనీరింగ్ చదువుతూ ఒకే యంత్రంలో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నాడు. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ వచ్చి, అలాంటి జంట కాపురాలు చాలావాటిలో లినక్స్‌ను గుమ్మం బయటే నిలబెట్టింది. తెర మీద ఏదో ఘోరంగా తప్పిందని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి యంత్రం ఆగిపోయేది. కంప్యూటర్ చరిత్రలో ఇంత నిజాయితీగల వాక్యం మరొకటి నేను చదవలేదు.

తరువాత ట్రంకు రోడ్డులో ఒక రిపేరు అంగడికి వెళ్లాను. కౌంటరులోని అబ్బాయి మూత కూడా తెరవకుండా "మదర్‌బోర్డు మార్చాలి సార్" అన్నాడు. వైద్యులు కూడా నాడి చూసినట్టు నటిస్తారు, ఇతనికి ఆ అవసరం కూడా కనిపించలేదు. మదర్‌బోర్డు మారిస్తే చిప్పు మారుతుంది, చిప్పు మారితే ఆ 48 అంకెలు తప్ప దిక్కుండదు. తలనొప్పికి తల మార్చి, కొత్త తలను పాత కబుర్లు చెప్పమని అడిగినట్టు. నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

ఇక్కడ నా విచారణ తాత్విక దశకు చేరింది. గుమ్మం దగ్గరి పెద్దమనిషికి జాబితా ఎవరు ఇచ్చారు? దీనికి ఒక కుటుంబ వ్యవస్థ ఉంది. అందరికంటే పైన ప్లాట్‌ఫారమ్ కీ, ఇంటి పెద్ద అన్నమాట. ఆయన కింద పెత్తనం చేసే తాళం ఇంకొకటి, పెద్ద కోడలు. ఆమె చేతిలో రెండు కాగితాలు: పిలవవలసినవాళ్లు ఒకదానిలో, మొహం చూడకూడనివాళ్లు రెండోదానిలో. ఇంటి పెద్దను నియమించేది తయారీదారు. పెద్ద కోడలి పెత్తనంలో తయారీదారుకు, మైక్రోసాఫ్ట్‌కు వాటా. పట్టుదల ఉన్న యజమాని సొంత తాళాలు చేర్చుకోవచ్చు, మా బావమరిది కొడుకు చేర్చుకున్నాడు కూడా. మామూలు మనిషి పేరు మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. భోజనాల ఖర్చు అతనిది.

అయినా కాపలా వద్దని నేను అనను. దొంగలున్నారు. 2023లో బ్లాక్‌లోటస్ అనే దొంగ ప్రోగ్రాము సెక్యూర్ బూట్ మెలకువగా ఉండగానే లోపలికి దూరగలదని భద్రతా పరిశోధకులు చూపించారు. గోడ దూకలేదు. మైక్రోసాఫ్ట్ సంతకమున్న, లోపమున్న పాత బూట్ మేనేజరును, అంటే విండోస్‌ను నిద్ర లేపే ప్రోగ్రామును, వెంట తెచ్చుకుంది. అంటే, పోయిన ఏడాది పెళ్లి శుభలేఖ పట్టుకుని ఈ ఏడాది పెళ్లికి వచ్చింది. సంతకం సరైనదే. మొహం చూడకూడనివాళ్ల కాగితంలో ఆ పాత శుభలేఖ ఇంకా ఎక్కలేదు. దర్జాగా పంక్తిలో కూర్చుంది.

దీన్ని మించినది 2024 జులైలో బయటపడింది. బైనార్లీ అనే భద్రతా సంస్థ లెక్క తీస్తే, పలు కంపెనీల వందల మోడళ్లలో ఇంటి పెద్ద స్థానంలో పరీక్షల కోసం తయారుచేసిన నమూనా తాళమే ఉంది. దాని రహస్య భాగం ఎప్పుడో ఇంటర్నెట్ పాలైంది. ఆ తాళం పేరులోనే ఇంగ్లీషు పెద్దక్షరాలతో రాసి ఉంది: 'నమ్మవద్దు'. తయారీదారులు దాన్ని అలాగే పెట్టి అమ్మారు, యంత్రాలు అలాగే నమ్మాయి. మెడలో 'నేను దొంగను' అని పలక వేసుకుని వచ్చినవాడికి బొట్టు పెట్టి పీట వేసిన యంత్రజాతి, నాలుగేళ్లుగా తన మీద దుమ్ము తుడుస్తున్న నన్ను 48 అంకెలు అడిగింది.

ఇందులో గడువుల గొడవ కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ 2011లో ఇచ్చిన సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లకు, అంటే సంతకం అసలుదని తేల్చే పత్రాలకు, 2026 జూన్ నుంచి కాలం చెల్లడం మొదలు. వాటి స్థానంలోకి 2023 నాటివి రావాలి. సరిగ్గా 15 ఏళ్లు, మన మోటారు సైకిలు రిజిస్ట్రేషను గడువంత. కాలం చెల్లినా యంత్రం లేవడం మానదు, బూట్ భాగాలకు కొత్త రక్షణ అందడం ఆగుతుంది, అంతే. ఆ తరువాత దాని బతుకు, ఎఫ్‌సీ లేకుండా సందుల్లో తిరిగే మా పాత స్కూటరు బతుకు ఒకటే.

సరే, నా కీ ఎక్కడుంది? అది ఖాతాలో భద్రంగా ఉంటుందని నీలం తెరే చెప్పింది. ఏ ఖాతా? అప్పుడు గుర్తుకొచ్చింది. కొన్న రోజు, అంగడిలో పనిచేసే కుర్రవాడు "మీకు ఈమెయిల్ లేకపోతే పరవాలేదంకుల్, నేను పెట్టేస్తాను" అని టకటకా ఏదో కొట్టాడు. నాకు ఈమెయిల్ ఉంది. అయినా అతని ఉత్సాహం చూసి కాదనలేకపోయాను.

కుర్రవాడు ఇప్పుడు చెన్నైలో, వేళచ్చేరిలో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. నంబరు సంపాదించడానికి రెండు రోజులు పట్టింది. మా ఇంటికి కూతవేటు దూరంలో స్వర్ణాల చెరువు ఉంది. రొట్టెల పండుగలో అక్కడ ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇంటి రొట్టె మార్చుకుంటారు. రికవరీ కీ రొట్టె ఉంటే ముందు వరుసలో నేనే నిలబడేవాడినని ఆ రెండు రోజుల్లో చాలాసార్లు అనుకున్నాను.

అబ్బాయి మంచివాడు, వెంటనే ఖాతా తెరిచాడు. "అంకుల్, ఇక్కడ తొమ్మిది కీలు ఉన్నాయి. మీది ఏది?" నాలాగే ఇంకా ఎనిమిది కుటుంబాలవారికి అదే ఖాతా పెట్టి ఇచ్చాడట. నీలం తెర మీద కీ గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాని మొదటి ఎనిమిది అక్షరాలు చెబితే నాది దొరికింది. కంప్యూటర్ శాస్త్రంలో విశ్వాసానికి మూలం అని ఒక గొప్ప మాట ఉంది. మొత్తం గొలుసు దాని మీదే వేలాడుతుందట. నిపుణులు దాన్ని చిప్పులో వెతుకుతారు. నెల్లూరులో తొమ్మిది ఇళ్లకు సంబంధించినంతవరకు అది వేళచ్చేరిలో, మేడ మీది గదిలో, కిటికీ పక్క మంచం మీద పడుకుంటుంది.

"వాట్సాప్‌లో పంపిస్తానంకుల్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంత విచారణ చేశాక నాకూ కొంచెం భద్రతా స్పృహ కలిగింది. రహస్యాన్ని అలా పంపకూడదని మందలించి, ఫోను స్పీకరులో పెట్టి, వసారాలో నిలబడి, గట్టిగా చదివించుకున్నాను. ఎదురింటివారు టీవీ శబ్దం తగ్గించి సహకరించారు.

ఆరో గుంపు దగ్గర యంత్రం ఒప్పుకోలేదు. పదకొండో ఎక్కం ఇక్కడే పనికొచ్చింది. ఈ కీలో ప్రతి ఆరంకెల గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడాలి, తప్పు కొడితే వెంటనే తెలియడానికి అలా కట్టారు. బేసి స్థానాల్లోని అంకెల మొత్తం, సరి స్థానాల్లోని అంకెల మొత్తం, తేడా సున్నా గాని పదకొండు గుణిజం గాని కావాలి. నాకు తేడా నాలుగు వచ్చింది. కుర్రవాడు ఇంగ్లీషులో చెబుతున్నాడు, చెన్నై ట్రాఫిక్ హోరులో ఫైవ్‌కు, నైన్‌కు తేడా ఎవరికి వినిపిస్తుంది? అయిదును తొమ్మిది చేశాను. తలుపు తెరుచుకుంది. లోపల అన్నీ క్షేమం: కరెంటు బిల్లుల స్కాన్లు, మనవడి బారసాల ఫొటోలు, సగంలో ఆపిన ఒక నవల.

ఈసారి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వస్తే ముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయాలని, అయ్యాక మళ్లీ వేయాలని నేర్చుకున్నాను. ఖాతా నా పేరుకు మార్చుకున్నాను. కీని ఎక్కడైనా రాసిపెట్టమని మా ఆవిడతో అన్నాను. ఆమె చేతికందిన పుస్తకంలో, ఎనిమిది గుంపులనూ ఒకదాని కింద ఒకటి, ముత్యాల్లాంటి అంకెలతో రాసింది.

అది పాల లెక్కల పుస్తకం. నెలాఖరున పాలు పోసే అబ్బాయి దాన్ని తిరగేసి, చాలాసేపు నిలబడి, "అమ్మగారూ, ఇంత బాకీ ఎప్పుడు పడిందండీ?" అన్నాడు.