వంశవృక్షంలో దొంగకు చోటు లేదా?

మా సీమలో ముత్తాత ఫ్యాక్షన్‌లో ఇద్దరిని నరికి జైలుకు పోయాడంటే ఆయన ఫొటో నడింట్లో పూలదండతో ఉంటుంది. కరువులో జొన్నల కోసం పాతర తవ్వి జైలుకు పోయిన ముత్తాత పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. పిల్లలు అడిగితే 'కాశీకి పోయి తిరిగి రాలేదు' అంటారు. పాత శిక్షాస్మృతిలో 302 సెక్షను హత్యకు, 395 బందిపోటుతనానికి. 302ని మీసం మెలేసి చెప్పుకునే ఇళ్లలోనే 395 అంటే సిగ్గు! ఈ లెక్క నాకు అసలు మింగుడు పడదు.

మా జేజినాయనకు తాత అట్లా 'కాశీకి పోయిన' మనిషే. ఆయన పోయింది జైలుకని కోర్టు కాగితాలు చూశాకే తెలిసింది.

ఇట్లాంటి కాగితాలు వెతకాలంటే ముందు పాత జిల్లాల హద్దులు తెలియాలి. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. అంతకు ముందు అది బళ్లారి జిల్లాలో భాగం. కాబట్టి 1877 నాటి అనంతపురం మనిషి కేసు బళ్లారి పేరుతో ఉంటుంది. బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రంలోకి పోయింది. మద్రాసు ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆంధ్ర జిల్లాల పాత రికార్డులు కొన్ని హైదరాబాదు చేరాయి. మన ఊరి మనిషి కోసం మూడు రాష్ట్రాలు తిరగాలన్నమాట. కర్నూలు వాళ్లకు ఇంకో చిక్కు. 1839 వరకు అక్కడ నవాబు పాలన. కడప మాత్రం 1800 నుంచే కంపెనీ చేతిలో ఉంది.

కింది కోర్టు ఫైళ్లను గడువు తీరాక తగలబెట్టడమో చించేయడమో మామూలే. మరణశిక్షను హైకోర్టు ఖాయం చేయాలి కాబట్టి ఆ కేసులు మద్రాసుకు పోయేవి. మిగతావాళ్లు జైలు నుంచే అప్పీలు పెట్టుకోవచ్చు. మా ముత్తాత తండ్రి జైలు అధికారి ద్వారా అట్లా ఒక అర్జీ పంపాడు. ఆ అర్జీ వల్లే ఆయన తీర్పు మిగిలింది. అప్పీలు కొట్టేశారు, ఏడేళ్ల కఠిన శిక్ష అట్లాగే ఉంచారు.

ఆ ఫైల్లో ఖైదీ ఆనవాళ్ల కాగితం కూడా ఉంది. తండ్రి పేరు, ఊరు, కులం, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఎడమ మోకాలి కింద కాలిన మచ్చ ఉందట. అది చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. రాజులకు శాసనాలున్నాయి, పాళెగాళ్లకు కైఫీయతులనే ఊరి చరిత్రలున్నాయి, భూమి ఉన్నవాడికి ఇనాం పట్టా ఉంది. ఏమీ లేని మనిషి ఎంత ఎత్తు ఉండేవాడో రాసి పెట్టింది జైలు రిజిస్టరు ఒక్కటే. మా వంశంలో ఆయన తరం వాళ్లలో రూపం తెలిసిన మనిషి ఆయనే.

ఇక నేరం సంగతి. 1876-78 కరువు గురించి సీమ బిడ్డలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఒక్క కర్నూలు జిల్లాలోనే 1871 నుంచి 1881 లోపు జనాభా నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. 1877లో వైస్రాయి పంపిన కరువు అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల దగ్గర మగమనిషి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, కొంచెం చిల్లర డబ్బుకు దించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆ ధాన్యం తిని మనిషి దినమంతా మట్టి మోయాలి. ఊరిలో పాతరల నిండా జొన్నలు ఉన్నవాళ్లు ధర ఇంకా పెరగాలని చూస్తున్నారు. ఐదుగురు, అంతకు మించి కలిసి బలవంతంగా ఎత్తుకుపోతే చట్టం దాన్ని బందిపోటుతనం అంటుంది. అప్పట్లో అదే 395. పదేళ్ల దాకా కఠిన శిక్ష, లేకపోతే యావజ్జీవ ద్వీపాంతరం. మా ముత్తాత తండ్రితో కలిసి ఆ రాత్రి పాతర తవ్వడానికి పోయినవాళ్లు మొత్తం ఏడుగురు.

అట్లాగని ఆయన్ను దేవుణ్ణి చేయడానికి నేను ఒప్పుకోను. కాపలా ఉన్న తలారిని కట్టేసి కొట్టారు, చేయి విరిగింది. ఆ తలారి వాంగ్మూలం గొలుసుకట్టు తెలుగులో, అంటే అక్షరాలు కలిపి రాసే పాత రాతలో ఉంది. తలారి కూడా ఆకలితో ఉన్నవాడే, జీతానికి కాపలా కాసినవాడే. మా వాళ్ల ఆకలి ఎంత నిజమో ఆయన విరిగిన చేయీ అంతే నిజం. ఫైలు చదివేవాళ్లు మన మనిషి పేరు దగ్గరే ఆగిపోకూడదు. ఫిర్యాదిదారు పేరు కూడా చదవాలి.

ఇంకో సంగతి జాగ్రత్తగా చూడాలి. రికార్డులో 'నేరస్తుడు' అని ఉన్న ప్రతివాడూ నేరం చేసినవాడు కాదు. నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఆ రిజిస్టర్లలో కులం చూసి పేరు ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంట్‌లో, అంటే నిఘా ఉన్న కాలనీలో పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయినా, ఆ మచ్చను ఇప్పటికీ మోస్తున్నవాళ్లున్నారు. అక్కడ తప్పు రాసినవాడిది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరి తీశారని అందరికీ తెలుసు. ఆయనతో పాటు పట్టుబడిన వందల మంది మాటేమిటి? వాళ్ల పేర్లు విగ్రహాల కింద లేవు, దొరికితే ఆ కేసు కాగితాల్లోనే దొరకాలి. అందుకే పాత ఫైళ్లు నాశనం చేసే ముందు ఒక్కసారైనా ఆర్కైవ్స్ వాళ్లకు చూపించాలని అడుగుతున్నాను. ఒక రికార్డు రూములో 'దొంగల కాగితాలు మీకెందుకు సార్' అన్నారు. మా దొంగ కాబట్టే కావాలి.

మా ముత్తాత తండ్రి శిక్ష మొదలైన రెండో ఏడే జైల్లో విరేచనాలతో పోయాడు. మొన్న వంశవృక్షం కొత్తగా రాయించినప్పుడు ఆయన పేరు, సెక్షను, చనిపోయిన ఏడు, అన్నీ పెట్టించాను. మా చిన్నాయనకు కోపం వచ్చింది. 'పెళ్లికి ఎదిగిన ఆడపిల్లలు ఉన్నారు, ఎందుకప్పా ఇదంతా?' అన్నాడు. దాదాపు నూట యాభై ఏళ్ల నాటి జొన్నల కేసు చూసి వెనక్కి పోయే సంబంధం పోనీ చిన్నాయనా. ఆ పేరు మాత్రం చెరపను.