మూడో విజిల్ ఎవరిది?

"మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టెయ్యరా" అని చెప్పి అమ్మ బట్టల బకెట్టు పట్టుకుని మేడ మీదికి వెళ్తుంది. కొడుకు మెకానికల్ మూడో ఏడు. వేడీ, ఒత్తిడీ లెక్కల థర్మోడైనమిక్స్ ఒక్కటే ఇంకా మిగిలిపోయింది. కుక్కర్ కూడా సరిగ్గా ఆ సబ్జెక్టులోనే పరీక్ష పెడుతుంది.

అపార్ట్‌మెంటులో నాలుగు వంటిళ్లకీ ఒకటే డక్టు. ఉదయం తొమ్మిదింటికి అన్ని కుక్కర్లూ అందులోకే కూస్తాయి. అబ్బాయి ఫోన్లోంచి తలెత్తకుండా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి స్టవ్ కట్టేస్తాడు. అమ్మ దిగొచ్చి, "అప్పుడే కట్టేశావేంట్రా? మనది ఒక్కసారేగా కూసింది!" అంటుంది. "మూడొచ్చాయమ్మా." "రెండోది ఎదురింటి వాళ్లది, సన్నగా ఉంటుంది. మూడోది కిందివాళ్లది, అది దగ్గుతుంది."

అమ్మ చెవిని తప్పుపట్టలేం. అసలు చిక్కు విజిల్‌ని కొలతగా పెట్టుకోవడంలోనే ఉంది. ఆవిరి గొట్టం రంధ్రం 3 మి.మీ. ఉందనుకుంటే, దాని మీద సుమారు 70 గ్రాముల వెయిట్ కూర్చుంటే చాలు, లోపల చదరపు సెంటీమీటరుకి అదనంగా కిలో ఒత్తిడి వచ్చేదాకా అది కదలదు. ఆ తర్వాత లేచి, కాస్త ఆవిరి వదిలి, మళ్లీ కూర్చుంటుంది. మంట పెద్దది పెడితే గబగబా పది కూస్తుంది, సిమ్‌లో పెడితే ఒక్కటీ కూయకపోవచ్చు. పప్పుకి ఈ కూతలతో పనిలేదు. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 దగ్గర కాక 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, పప్పు ఉడికేది ఆ వేడికి. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. ఆ ప్రకారం ఇరవై డిగ్రీలకి నాలుగు రెట్లు. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి గడియారం చూసుకుంటే, నానిన కందిపప్పుకి ఆరేడు నిమిషాలు చాలు. ఆస్పత్రుల్లో సూదులూ కత్తెర్లూ శుద్ధిచేసే ఆటోక్లేవ్ నడిచేదీ ఇంచుమించు ఇదే ఒత్తిడిలో, 121 డిగ్రీల దగ్గర. అంటే మన పప్పు శస్త్రచికిత్సకి కూడా సిద్ధమన్నమాట.

ఇప్పుడు అబ్బాయికి ఉడికిందో లేదో చూడాలనిపిస్తుంది. మూత లాగుతాడు, రాదు. రాకపోవడమే మంచిది. మూత వ్యాసం 20 సెం.మీ. అయితే వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. అంటే లోపలి నుంచి 314 కిలోల బలం దాన్ని తోస్తోంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు పన్నెండు పేర్చినా ఇంకా లోటే. ఆవిరి తనంతట తాను దిగడానికి పది నిమిషాలు పడుతుంది. అంత ఓపిక లేక గరిటె కాడతో వెయిట్‌ని పైకి ఎత్తుతాడు.

ఒత్తిడి పడిపోగానే 120 డిగ్రీల నీళ్లకు ద్రవంగా ఉండే హక్కు పోతుంది. లోపలున్న ప్రతి లీటరులో సుమారు 37 గ్రాములు అప్పటికప్పుడు ఆవిరి కావాలి. చూడ్డానికి చారెడు నీళ్లే, ఆవిరైతే అరవై లీటర్లు, నాలుగు బిందెలంత. మొత్తం ఆ 3 మి.మీ. రంధ్రంలోంచే పోవాలి. పైగా చుట్టాలొస్తున్నారని అయిదు లీటర్ల కుక్కర్ని ముప్పావు వంతు నింపారు. పప్పయితే నీళ్లతో కలిపి సగం దాటకూడదు. కందిపప్పులోని ప్రొటీన్లు నురగ కడతాయి, ఆ నురగ రంధ్రం దాకా ఎక్కి కూర్చుంటుంది. చెంచాడు నూనె వేసి ఉంటే కొంత అణిగేది. వేయలేదు కాబట్టి పప్పు ఆవిరితో పాటు స్లాబు దాకా వెళ్లింది.

ఈ వెయిట్ ఆలోచన మనదేం కాదు. ఫ్రాన్సు దేశస్థుడు డెనిస్ పాపిన్ 1679లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి తన 'డైజెస్టర్', అంటే నేటి కుక్కర్‌కి తాతలాంటి పాత్ర, చూపించాడు. పాత్ర పేలకుండా బరువు పెట్టిన సేఫ్టీ వాల్వ్ బిగించినవాడూ ఆయనే. 1682లో ఆ పాత్రలో వండిన విందు తిన్న ఇంగ్లీషు రచయిత జాన్ ఈవ్లిన్, ఎముకలు జున్నులా మెత్తబడ్డాయని డైరీలో రాసుకున్నాడు. ఎన్ని విజిల్స్‌కో మాత్రం రాయలేదు.

రంధ్రం పూర్తిగా మూసుకుపోయినా, నీళ్లు ఇగిరి అడుగంటినా మూత మీది సేఫ్టీ వాల్వ్ కాపాడుతుంది. అందులో తక్కువ వేడికే కరిగే లోహం ఉంటుంది. తగరం 232 డిగ్రీలకీ, బిస్మత్ 271కీ కరుగుతాయి. వాటినే 42, 58 పాళ్లలో కలిపితే 138కే కరిగిపోతాయి. అది ఒకసారి కరిగితే కొత్తది, అదీ ఆ కంపెనీదే వేయాలి. ఎం-సీల్ పూసి సరిపెట్టే ఇళ్లున్నాయి. ఆ వంటింట్లోకి వెళ్లకండి.

ఇక స్లాబు సంగతి. అబ్బాయి స్టూలెక్కి బట్టల సబ్బు నీళ్లతో తుడుస్తాడు, పసుపు మరక ఎర్రగా మారుతుంది. పసుపుకి రంగునిచ్చే కర్‌క్యుమిన్‌కి సబ్బులోని క్షారం తగిలితే అంతే. పెళ్లికూతురి కాళ్లకి పెట్టే పారాణిలో పసుపుకి సున్నం కలపడం ఇందుకే. నిమ్మకాయ రుద్దితే మళ్లీ పసుపవుతుంది కానీ పోదు. సులువుగా పోగొట్టేది ఎండ, వెలుతురికి కర్‌క్యుమిన్ విరిగిపోతుంది. చొక్కా మీదైతే అమ్మ ఉతికి మేడ మీద ఆరేస్తే సాయంత్రానికి చాలావరకు వెలిసిపోతుంది. స్లాబుని మేడ మీద ఆరేసే వీలు లేదు.