39 గెలుపులు సరే... బుల్స్ ఎక్కుతున్నట్టా, దిగుతున్నట్టా?

2025 ఏప్రిల్ 17 తెల్లవారుజామున హైదరాబాద్‌లో నేను, షికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా బావ ఒకే మ్యాచ్ చూస్తున్నాం. ఆయనకు అది ఇంకా 16వ తేదీ సాయంత్రం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో షికాగో బుల్స్ సొంతగడ్డ మీద, యునైటెడ్ సెంటర్‌లో, మయామీ హీట్‌తో ప్లే-ఇన్ (ప్లేఆఫ్స్‌లో చివరి చోట్ల కోసం జరిగే అర్హత మ్యాచ్) ఆడుతోంది. ఓడితే సీజన్ అయిపోయినట్టే. మయామీ గార్డ్ టైలర్ హీరో ఒక్కడే 38 పాయింట్లు కొట్టాడు. చివరికి బుల్స్ 109-90తో ఓడింది.

మ్యాచ్ ముగియకముందే బావ ఫోన్ చేశాడు. "ఇంక చాలురా. అందరినీ అమ్మేసి మొదటి నుంచి కట్టుకోవాల్సిందే. మూడేళ్లు అట్టడుగున పడి ఉన్నా పర్లేదు" అన్నాడు. ఆరో తరగతి చదివే మా మేనల్లుడు పక్కనే ఉన్నాడు. బుల్స్ కుర్ర ఆటగాడు మాటస్ బుజెలిస్ జెర్సీ తొడుక్కుని సాయంత్రం నుంచి సోఫా దిగలేదట. "మూడేళ్లంటే అప్పటికి నేను హైస్కూల్ కదా నాన్నా" అన్నాడు. బావ దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు.

బుల్స్ అభిమానులు ఎక్కడ కలిసినా నడిచే గొడవ ఇదే. జట్టును కూల్చి కట్టాలా, ఉన్నదాన్నే బాగుచేసుకుంటూ పోవాలా? 2022-23లో 40 గెలుపులు, ఆ తర్వాత 39, మళ్లీ 39. మూడేళ్లూ ప్లే-ఇన్ దాకా వచ్చి, మూడుసార్లూ మయామీ చేతిలోనే ఓడి ఇంటిదారి పట్టారు. 82 మ్యాచ్‌ల సీజన్‌లో ఈ లెక్క ఎటూ కాని లెక్క. టైటిల్ గెలిచే సత్తా లేదు, ఓడిన జట్లకు ముందు వంతు వచ్చేలా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో పైవరుస కుర్రాడు దొరికేంత చెడ్డగానూ ఆడలేదు. రెంటికీ చెడ్డ రేవడి అని మనవాళ్లు అనేది ఇలాంటి పరిస్థితినే. అభిమానుల కోపం న్యాయమైనదే. కానీ వాళ్లు అడుగుతున్న ప్రశ్న దగ్గరే నాకు పేచీ ఉంది. 40 గెలుపుల దగ్గర ఉండటం తప్పని నేను అనుకోను. అక్కడికి ఏ దారిలో వచ్చారు, రేపటికి చేతిలో ఏం మిగిలింది అన్నదే అడగాలి.

దీనికి అదే సీజన్‌లోనే సాక్ష్యం ఉంది. 2022-23లో బుల్స్ 40 గెలిచి 42 ఓడింది. ఓక్లహోమా సిటీ థండర్ కూడా సరిగ్గా 40 గెలిచి 42 ఓడింది. రెండూ ప్లే-ఇన్‌లో ఒక మ్యాచ్ గెలిచాయి, రెండో మ్యాచ్‌లో ఓడాయి. పట్టిక చూస్తే కవలల్లా ఉంటాయి. రెండేళ్లు తిరిగేసరికి థండర్ 68 మ్యాచ్‌లు గెలిచి 2025 ఛాంపియన్ అయింది. బుల్స్ 39 దగ్గరే ఉంది.

తేడా ఎక్కడుంది? ఆ 40 గెలుపులు సాధించినప్పుడు థండర్ మెయిన్ ప్లేయర్ షాయ్ గిల్జస్-అలెగ్జాండర్‌కు 24 ఏళ్లు. రెండో నంబర్ పిక్‌తో, అంటే డ్రాఫ్ట్‌లో రెండో వంతుతో, తెచ్చుకున్న చెట్ హోమ్‌గ్రెన్ గాయంతో ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 12వ పిక్‌గా వచ్చిన జేలెన్ విలియమ్స్‌కు అది మొదటి సీజన్. అటకమీద ఇతర జట్ల నుంచి తెచ్చుకున్న డ్రాఫ్ట్ పిక్‌లు పోగుపడి ఉన్నాయి. ఇటు బుల్స్‌లో డెమార్ డిరోజన్‌కు 33, నికోలా వూచెవిచ్‌కు 32. జాక్ లవీన్ చేతిలో 5 ఏళ్లకు 21.5 కోట్ల డాలర్ల ఒప్పందం. ఒకే మెట్టు మీద ఇద్దరు నిలబడ్డారు, ఒకరు ఎక్కుతూ, ఒకరు దిగుతూ. పట్టికలో ఆ తేడా కనపడదు.

థండర్ కథలో జనం సగమే చెప్పుకుంటారు. 2020-21లో 22, మరుసటి ఏడాది 24 గెలుపులతో అడుగున ఉన్న మాట నిజమే. కానీ వాళ్లకు అసలు పెట్టుబడి ఓటముల నుంచి రాలేదు. 2019లో థండర్ స్టార్ పాల్ జార్జ్ క్లిప్పర్స్ జట్టుకు వెళ్తానన్నప్పుడు థండర్ జనరల్ మేనేజర్ శామ్ ప్రెస్టీ బేరం గట్టిగా ఆడి షాయ్‌ని, దాంతోపాటు 5 ఫస్ట్ రౌండ్ పిక్‌లను రాబట్టాడు. జేలెన్ విలియమ్స్ వచ్చింది వాటిలో ఒకదానితోనే. గిరాకీ మంచి ఊపులో ఉన్నప్పుడు చేసిన అమ్మకం అది.

ఇక లాటరీ సంగతి. అన్నీ అమ్మేద్దాం అనే మా బావ లాంటి వాళ్లు ఇక్కడ కాస్త నెమ్మదించాలి. 2025 నాటి పద్ధతిలో, డ్రాఫ్ట్‌లో ఎవరికి ముందు వంతో తేల్చడానికి ప్లేఆఫ్స్‌కు చేరని 14 జట్లను లాటరీలో పెడతారు. 2019లో నియమాలు మారాక, ఎంత ఘోరంగా ఓడినా మొదటి పిక్ దక్కే అవకాశం 14 శాతం దాటదు. అట్టడుగున ఉన్న మూడు జట్లకూ అదే 14 శాతం. 2022-23లో 17 గెలుపులతో లీగ్‌లో చివర నిలిచిన డెట్రాయిట్‌కు ఐదో పిక్ వచ్చింది. మరుసటి ఏడాది వరుసగా 28 మ్యాచ్‌లు ఓడి, 14 గెలుపులతో మళ్లీ చివర నిలిచింది. మళ్లీ ఐదో పిక్కే. 2025లో 17 గెలుపుల యూటా కూడా ఐదో స్థానానికే జారింది.

అదే 2025 లాటరీలో బుల్స్ అభిమానికి నిద్రపట్టని సంగతి ఇంకొకటి ఉంది. డాలస్, షికాగో రెండూ 39-43తో సమానంగా ముగించాయి. ఎవరు ముందో తేల్చడానికి బొమ్మా బొరుసూ వేస్తే డాలస్ గెలిచింది. దాంతో డాలస్‌కు 1.8 శాతం, బుల్స్‌కు 1.7 శాతం అవకాశం దక్కాయి. మే నెలలో లాటరీ తీస్తే ఆ 1.8 శాతమే పండింది, మొదటి పిక్‌గా కూపర్ ఫ్లాగ్ డాలస్ వెళ్లాడు. బుల్స్‌కు 12వ పిక్ మిగిలింది. విచిత్రం ఏమిటంటే, 2008లో బుల్స్‌కు మొదటి పిక్ తగిలింది కూడా సరిగ్గా 1.7 శాతం అవకాశంతోనే. అలా వచ్చిన సొంతూరి కుర్రాడు డెరిక్ రోజ్ 2011లో ఎంవీపీ (లీగ్ ఉత్తమ ఆటగాడు) అయ్యాడు, 2012 ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లోనే మోకాలి లిగమెంట్ తెగి కుప్పకూలాడు. లాటరీ ఇవ్వనూ ఇస్తుంది, లాక్కోనూ లాక్కుంటుంది. దాన్ని నమ్ముకుని మూడేళ్ల ఓటమిని ప్లాన్ చేసుకుందామంటే నేను ఒప్పుకోను.

ఓడి కట్టుకోవడంలో అందరికంటే ముందుకు వెళ్లిన జట్టు ఫిలడెల్ఫియా. 2015-16లో 10 గెలిచి 72 ఓడింది. ఆ ఓటముల కాలంలోనే జోయెల్ ఎంబీడ్ దొరికాడు, తర్వాత మంచి సీజన్లు కూడా వచ్చాయి. కానీ ఇప్పటిదాకా రెండో రౌండ్ దాటలేదు.

బుల్స్ 2021లో వేసిన పందెం మాత్రం తప్పు కాదని నా గట్టి అభిప్రాయం. అంతకుముందు వాళ్లు ఓడి చూశారు. 2017లో జిమ్మీ బట్లర్‌ను పంపేశాక 27, 22, 22 గెలుపులు. బట్లర్‌ను ఇచ్చినప్పుడు వచ్చినదానితో కలిపి మూడుసార్లు ఏడో పిక్, ఒకసారి నాలుగో పిక్. అప్పటికి అభిమానులు అలసిపోయారు. జట్టు వ్యవహారాలు చూడటానికి కొత్తగా వచ్చిన అధిపతి ఆర్టురస్ కర్నిషోవస్ వూచెవిచ్‌ను, డిరోజన్‌ను, లోంజో బాల్‌ను, అలెక్స్ కరూసోను తెచ్చాడు. 2022 జనవరిలో ఆ జట్టు ఈస్ట్ కాన్ఫరెన్స్‌లో మొదటి స్థానంలో ఉంది. కరూసో, లోంజో కలిసి ఎదుటి గార్డ్ చేతిలోంచి బంతి లాక్కుని పరిగెత్తడం చూసినవాళ్లకు ఆ రెండు నెలలు గుర్తుండే ఉంటాయి. జనవరి 14న లోంజో మోకాలు దెబ్బతింది. తర్వాత రెండున్నర ఏళ్లకు పైగా అతను కోర్టులోకి రాలేదు.

దురదృష్టానికి ఎవరూ బాధ్యులు కారు. ఆ దురదృష్టం తెలిసిపోయాక ఏం చేశారన్నదే నా ఫిర్యాదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. 2022, 2023, 2024 ఫిబ్రవరి ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) గడువులు మూడూ వచ్చాయి, పోయాయి. బుల్స్ ఒక్క ట్రేడ్ కూడా చేయలేదు. 2023లో వూచెవిచ్‌కు మరో 3 ఏళ్లు, 6 కోట్ల డాలర్లు రాసిచ్చారు. లవీన్ కాలికి 2024లో సర్జరీ అయింది, అతని ధర పడిపోయింది. చివరికి 2025 ఫిబ్రవరిలో శాక్రమెంటోకు పంపితే చేతికొచ్చింది ముగ్గురు మామూలు ఆటగాళ్లు, తాము ఎప్పుడో వేరే జట్టుకు ఇచ్చేసిన సొంత పిక్. డిరోజన్ వెళ్లిపోయినప్పుడు దక్కింది రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు, క్రిస్ డువార్టే, కొంత నగదు. లీగ్‌లో ఏ మంచి జట్టయినా కోరుకునే కరూసోను థండర్‌కు ఇచ్చి జాష్ గిడీని తీసుకున్నారు, ఒక్క పిక్ కూడా అడిగి పుచ్చుకోలేదు. ఏడాది తిరిగేసరికి కరూసో అక్కడ ఛాంపియన్ అయ్యాడు. మూడేళ్ల పాటు 'చూద్దాం' అంటూ కూర్చున్నందుకు కట్టిన మూల్యం ఇది. కూల్చకపోవడం వల్ల కాదు, ఆలస్యం వల్లే ఈ జట్టు నష్టపోయింది.

ఇదే పని ఇండియానా పేసర్స్ ఎలా చేసిందో చూడండి. షికాగో నుంచి కారులో మూడు గంటల దూరం. అక్కడ కావాలని ఓడే అలవాటు లేదు. 2022 ఫిబ్రవరిలో, రెండుసార్లు ఆల్‌స్టార్ అయిన 25 ఏళ్ల డొమంటస్ సబోనిస్‌ను గిరాకీ బాగున్నప్పుడే శాక్రమెంటోకు ఇచ్చి టైరీస్ హాలిబర్టన్‌ను తెచ్చుకుంది. 2025లో ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది. హాలిబర్టన్ 2020 డ్రాఫ్ట్‌లో 12వ పిక్. అదే డ్రాఫ్ట్‌లో బుల్స్ నాలుగో పిక్‌తో తీసుకున్నది పాట్రిక్ విలియమ్స్‌ను. అతనికి 2024లో 5 ఏళ్లకు 9 కోట్ల డాలర్లు ఇచ్చారు. పైన ఎంచుకున్నంత మాత్రాన మంచి ఎంపిక అయిపోదు. ఎంచుకునే చూపు లేకపోతే మూడేళ్లు ఓడి తెచ్చుకున్న పిక్ కూడా వృథా అవుతుంది.

మన ఐపీఎల్‌లో ఈ చర్చే రాదు. 2023లో చివరి స్థానంలో ఉన్న సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్యాట్ కమిన్స్‌ను 20.5 కోట్లకు కొనుక్కుని 2024లో ఫైనల్ ఆడింది. అక్కడ వేలంపాట ఉంది. ఎన్‌బీఏలో అది లేదు. ప్రతి తప్పుకూ నాలుగైదేళ్ల ఒప్పందం వెంటాడుతుంది.

ఉన్నదాన్నే బాగుచేసుకుందాం అనేవాళ్ల మాట కూడా నేను కొట్టిపారేయను. 2023 ఏప్రిల్‌లో టొరంటోలో ప్లే-ఇన్ జరిగింది. బుల్స్ 19 పాయింట్లు వెనకబడి ఉంది. ర్యాప్టర్స్ ఆటగాళ్లు ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడ్డ ప్రతిసారీ స్టాండ్స్‌లోంచి డిరోజన్ కూతురు గొంతు చించుకుని అరిచింది. ర్యాప్టర్స్ 36 ఫ్రీ త్రోల్లో 18 పోగొట్టుకుంది. బుల్స్ 109-105తో గెలిచింది. ఆ పూట మా బావ ఇంట్లో ఎంత సందడి జరిగిందో నేను ఫోన్లో విన్నాను. 2025 మార్చిలో లేకర్స్ మీద గిడీ హాఫ్‌కోర్ట్ నుంచి విసిరిన బంతి బజర్ మోగుతుండగా వలలో పడ్డప్పుడు మా మేనల్లుడు హాల్లో పరిగెత్తి కాఫీ టేబుల్‌కు మోకాలు కొట్టుకున్నాడు. ఇలాంటి రాత్రులు లేకపోతే పిల్లలు ఏ జట్టుకూ అభిమానులు కారు. 20 మ్యాచ్‌లు గెలిచే జట్టుతో ఇవి రావని నేను అనను, కానీ తక్కువగా వస్తాయి.

అయితే ఆ సంతోషాన్ని యాజమాన్యం తన పనితీరుకు సర్టిఫికెట్‌గా చూపిస్తే మాత్రం కోపం వస్తుంది. 2024-25 సీజన్ చివరి 20 మ్యాచ్‌ల్లో 15 గెలిచారు. ఆ సమయానికి సగం జట్లు ఆటగాళ్లను పక్కన కూర్చోబెడుతుంటాయి. ఆ 15ని చూసి దారి సరైనదే అనుకోవడం ప్రమాదం. యునైటెడ్ సెంటర్‌లో దాదాపు 21 వేల సీట్లు. ఓడినా గెలిచినా ప్రేక్షకుల హాజరులో బుల్స్ లీగ్‌లో ముందు వరుసలోనే ఉంటుంది. 1985 నుంచి యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్. ఇన్నేళ్లలో ఈ జట్టు లగ్జరీ ట్యాక్స్ (జీతాలు పరిమితి దాటితే కట్టేది) కట్టింది ఒక్కసారే, 2012-13లో. జోర్డన్ కాలంలో ఎర్ర జెర్సీ మీద ప్రేమ పెంచుకున్న తరం ఇప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని టికెట్లు కొంటోంది. హాలు నిండినంత కాలం తొందరపడాల్సిన అవసరం ఎవరికీ కనపడదు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే.

మరి ఏం చేయాలి? 2025 సెప్టెంబరులో నేను వేసిన లెక్క ఇది. బుజెలిస్‌కు అప్పటికి 20 ఏళ్లు, హిన్స్‌డేల్‌లో పెరిగినవాడు, అంటే నేపర్‌విల్ పక్కింటి కుర్రాడి కింద లెక్క. 12వ పిక్ నోవా ఎసెంగ్ ఇంకా చిన్నవాడు. గిడీకి 22 ఏళ్లు, ఆ నెలలోనే 4 ఏళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. ఈ ముగ్గురి వయసుకు సరిపోయే జట్టు కట్టాలి. 2025-26 సీజన్‌తో వూచెవిచ్, కోబీ వైట్, అయో డొసున్ము, కెవిన్ హర్టర్, జాక్ కాలిన్స్ ఒప్పందాలు అన్నీ ముగియాల్సి ఉంది. వైట్ అప్పటికి కెరీర్‌లోనే మంచి ఊపులో ఉన్నాడు. డొసున్ము షికాగోలోనే పుట్టి పెరిగినవాడు, అతన్ని వదులుకోవడం నాకు కష్టమే. అయినా 2026 ఫిబ్రవరి గడువులోగా ఒక్కొక్కరి గురించీ తేల్చుకోవాలి. ఉంచుకోదలిస్తే ధర ముందే మాట్లాడుకోవాలి, లేదంటే అప్పుడే ట్రేడ్ చేసి పిక్‌లు తెచ్చుకోవాలి. జనవరిలో ప్లే-ఇన్ స్థానంలో ఉన్నాం కదా అని మళ్లీ చేతులు కట్టుకుని కూర్చోకూడదు. కావాలని ఓడమని నేను అనను. కుర్రాళ్లను ఆడించి, నిజాయితీగా ఆడి 30 దగ్గర ఆగిపోతే ఆగిపోనివ్వండి. ఆ సంగతి ముందే బయటకు చెప్పండి.

బావకు ఇదంతా చెప్పాను. "నువ్వు చెప్పేది కూడా మూడేళ్ల పనేగా?" అన్నాడు. అవును, అంతే పడుతుంది. కాకపోతే ఆ మూడేళ్లూ నీ కొడుకు బుజెలిస్ ఎదగడం చూస్తాడు బావా అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. డిసెంబర్‌లో తనకూ వాడికీ టికెట్లు బుక్ చేశానని, పైవరుసలోనే దొరికాయని చెప్పాడు.