ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గారికి ఒక అరఫిట్ మనిషి విన్నపం

మహారాజశ్రీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. తమరు క్షేమమని తలుస్తాను. తమరికేం, లోకంలో క్షేమానికి ముద్ర వేసేదే తమరు. నా సంగతంటారా, తలకు దెబ్బ తగిలి ఆపరేషన్ జరిగి ఏడు నెలలైంది. ఎముక అతుక్కుంది, కుట్లు మానాయి. జుట్టు మునుపటికంటే ఒత్తుగా వచ్చిందని చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. నా కొంప ముంచింది ఆ జుట్టే, లోపలి దెబ్బ ఎవరికీ కనబడకుండా కప్పేసింది.

తమరి పొదుపు నాకు ఎంతో నచ్చింది. 1974లో గ్లాస్గో డాక్టర్లు ఇద్దరు తలకు దెబ్బ తగిలినవారి స్పృహను కొలవడానికి ఒక కొలమానం తయారుచేశారు. దానికి 3 నుంచి 15 దాకా అంకెలు కావలసి వచ్చాయి. మంచం మీద కళ్లు మూసుకుని పడున్న మనిషికే పదమూడు మెట్లు! అదే మనిషి లేచి, నడిచి, పనిలోకి వస్తానంటే తమరి దగ్గర రెండే: ఫిట్, అన్‌ఫిట్.

నన్ను ఫిట్ అని ఎలా తేల్చారో కూడా చెప్పాలి. డాక్టరు గారి గది నిశ్శబ్దంగా ఉంది. ఒక ప్రశ్న అయ్యాకే ఇంకో ప్రశ్న. ఏది ముందు, ఏది వెనక, ఎప్పుడు ఆపాలి అన్నది ఆయనే చూసుకున్నారు. అంటే నా మెదడు ముందు భాగం చేయవలసిన పనంతా ఆ కాసేపూ ఆయన చేసిపెట్టారు. మార్కులు నాకు వేశారు.

ఆఫీసులో ఆ సహాయం చేసేవారెవరూ లేరు. పని చేయడం వచ్చు. పది పనుల్లో దేనితో మొదలుపెట్టాలో తేలదు. ప్రింటరు చప్పుడు, పక్క బల్ల మీది ఫోను, తలమీది ఫ్యాను, ఎదురుగా మాట్లాడుతున్న మేనేజరు, అందరూ సమాన హోదాతో నా చెవిలోకి వస్తారు. ఇదివరకు గుమ్మం దగ్గర ఎవరిని రానివ్వాలో చూసే కాపలాదారు ఒకడు ఉండేవాడు. ఆ దెబ్బలో వాడి ఉద్యోగమూ పోయింది. పొద్దున పదకొండు గంటలు దాటితే ఎదుటివారి మాట వినబడుతుంది గానీ, అర్థం మాత్రం తర్వాతి బస్సులో వస్తుంది. ఇది నిద్రపోతే తీరే అలసట కాదని చెప్పబోయాను. "ఫిట్ అని రాసి ఉంది కదా" అన్నారు మేనేజరు, తమరిని వేలితో చూపిస్తూ.

నా తప్పూ ఉంది, దాచను. నాకేమీ కాలేదు, రాసివ్వండని డాక్టరును పీడించింది నేనే. తన లోపం తనకే తెలియకపోవడం ఈ దెబ్బ లక్షణాల్లో ఒకటట. ఆ లెక్కన తమరికి కూడా ఎప్పుడో తలకు ఏదో తగిలి ఉండాలి.

ఫినియాస్ గేజ్ పేరు వినే ఉంటారు. 1848లో అమెరికాలో రైలుమార్గం పనుల్లో మేస్త్రీ. మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయినా బతికాడు. మనిషి మారిపోయాడని యజమానులు పాత పని ఇవ్వలేదు. కథ చెప్పేవాళ్లు చాలామంది అక్కడే ఆపేస్తారు, విషాదం అక్కడే బాగుంటుంది కాబట్టి. కానీ ఆయన తర్వాత చిలీ వెళ్లి ఏళ్ల తరబడి ఆరు గుర్రాల బండి తోలాడు. బయలుదేరే వేళ ముందే తెలుసు, దారి తెలుసు, ఒక పని తర్వాత ఏ పనో బండే చెబుతుంది. తమరైతే ఆయనను అన్‌ఫిట్ అనేవారు. గుర్రాలు సర్టిఫికెట్ అడగలేదు.

పనిలో చేరిన మూడో వారం నేను కుప్పకూలాక ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే జబ్బుపడ్డవారు మళ్లీ రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే నిపుణురాలు, మా ఆఫీసుకే వచ్చి, పూటంతా నా పక్కన కూర్చుంది. ఫిట్టా కాదా అని అడగనేలేదు. ఏ పనికి, ఎన్ని గంటలకు, ఏ మూల కూర్చుంటే అని అడిగింది. తర్వాత రాసిచ్చింది: మొదట రోజుకు రెండు గంటలు, నిలదొక్కుకున్నాకే మూడు, గోడవైపు బల్ల, ఒకసారికి ఒకే పని, అదీ కాగితం మీద, అలసిపోయాక కాదు, అలసిపోకముందే విరామం. ఆ కాగితం తీసుకెళితే, సగం ఫిట్‌కు రిజిస్టరులో గడి లేదన్నారు. ఆ రిజిస్టరు తమరి చుట్టమేనని విన్నాను.

కాబట్టి నా విన్నపం చిన్నది. తమరి ముద్ర కింద నాలుగు గీతల ఖాళీ జాగా ఇప్పించండి. ఎన్ని గంటలు, ఏ పని, ఎవరి సాయంతో, మళ్లీ ఎప్పుడు చూడాలి. అంతే.

ఈ ఉత్తరానికి నాలుగు రోజులు పట్టింది. ఇరవై నిమిషాలకోసారి అలారం మోగుతుంది, కలం కింద పెడతాను. ఇప్పుడూ మోగుతోంది.

ఇట్లు,
తమరి రెండు మాటల్లో దేనిలోనూ ఇమడని
విధేయుడు

తా.క.: జవాబు కాగితం మీదే ఇప్పించగలరు. నోటిమాటగా చెబితే అవునన్నారో కాదన్నారో ఒక్కటే గుర్తుంటుంది, మళ్లీ మొదటికొస్తాం.