ఏడంటే ఏ ఏడు?

మా మేనల్లుడు టాంజానియా వెళ్ళి మూడు నెలలైంది. వాడి వీడ్కోలు భోజనాల సంగతి మాత్రం బరంపురంలో మా వీధివాళ్ళు ఇంకా మర్చిపోలేదు. కూరగాయల బండి అబ్బాయి కూడా నన్ను చూడగానే "మాస్టారూ, టైమెంతయింది?" అని అడుగుతాడు. వాడి చేతికి వాచీ ఉంటుంది, జేబులో ఫోనుంటుంది. అయినా అడుగుతాడు.

తప్పంతా మావాడిదే అయితే నాకీ బాధ లేదు. అందులో నా వాటా కూడా ఉంది.

వాడు మిషనరీగా చేరాడు. చదువంతా అయ్యాక టాంజానియాలో సేవకు పంపుతున్నామని పైవాళ్ళు కబురు చేశారు. మా అక్క రెండు రోజులు ఏడ్చింది. బావ అట్లాసు కొనుక్కొచ్చాడు. మా అమ్మ మాత్రం "అక్కడ అన్నం పెడతారా?" అని ఒక్కటే అడిగింది. వాడు వెళ్ళే ఊరు విక్టోరియా సరస్సు ఒడ్డున ఉందని చెబితే "మన చిలికా అంతుంటాదా?" అంది. అలాంటి చిలికాలు అరవై దాకా పడతాయన్నాను. "అయితే చేపలకి లోటుండదు" అని ఊపిరి పీల్చుకుంది.

ముందు భాష రావాలి కదా. అక్కడ ముప్పయ్యేళ్ళు పనిచేసి వచ్చిన ఒక పెద్ద ఫాదరుగారి దగ్గర ఆరు నెలలు స్వాహిలీ నేర్పించారు. రెండు వందల ఏళ్ళ కిందట లండన్ నుంచి మిషనరీలు ఓడెక్కి వచ్చి విశాఖపట్నంలో మన అఆలు దిద్దారు. 1805లో దిగినవాళ్ళ బైబిలు సువార్తల తర్జుమా 1812కి గానీ అచ్చు మొహం చూడలేదు. దొరలకి ఏడేళ్ళు పట్టింది, మావాడికి ఆరు నెలలే ఇచ్చారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవర నేర్చుకుని నిఘంటువు కూడా రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారి మాట వాడికి చెప్పి, "భాష నోటి నుంచి నోటికి రావాలిరా, పుస్తకంలోంచి కాదు" అని నేనే ఎగదోశాను. ఆ సలహా ఎందుకిచ్చానా అని తర్వాత చాలా అనుకున్నాను.

ప్రయాణానికి పది రోజుల ముందు ఇంటికొచ్చాడు. వచ్చిన పూటే ఇంటినిండా చీటీలు అంటించాడు. తలుపు మీద "మ్లాంగో", ఉప్పు డబ్బా మీద "చుమ్వి". అక్కడి వరకూ పరాయి భాషే. తర్వాత చూస్తే బల్ల మీద "మేజా", సబ్బు మీద "సబూని", పెన్ను మీద "కలాము", రంగు డబ్బా మీద "రంగి", బియ్యం గోనె మీద "గూనియా". ఓడల్లో సరుకుతో పాటు మాటలు కూడా ఎక్కి దిగాయన్నమాట. మా అమ్మ చీటీలన్నీ చదివించుకుని, "గోనెని గూనియా అనడానికి ఆరు నెలలెందుకురా? నన్నడిగితే నేను చెప్పనా?" అంది.

ఆవిడ అనగలదు. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు మావాళ్ళెవరూ ఇల్లు కదల్లేదు, హద్దే కదిలింది. అప్పటి నుంచి మా ఇళ్ళల్లో ముసలమ్మలు కూడా ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా, టీవీ ముందు హిందీ వాడుతూ బతికేస్తున్నారు. మరో భాష వచ్చిందంటే మరో చుట్టం వచ్చినట్టే, కొంచెం జరిగి చోటిస్తారు.

ఒకరోజు కాఫీ అందుకుని వాడు "అసాంతె సానా" అన్నాడు. అసాంతె అంటే కృతజ్ఞత.

"సానా అంటే?" అంది అమ్మ.

"చాలా అని."

"అదేటిరా, మనం కూడా సానా అనే అంటాం కదా!"

నేను ముప్పయ్యేళ్ళు తెలుగు మాస్టరుగా పనిచేశాను. "సానా" అని రాసిన ప్రతి కుర్రాడి కాపీలోనూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. వాళ్ళంతా స్వాహిలీ రాస్తున్నారని నాకేం తెలుసు.

అసలు చిక్కు వరసలతో మొదలైంది. స్వాహిలీలో మామా అంటే అమ్మ. వాడు వంటింటి వైపు తిరిగి "మామా!" అని పిలిచినప్పుడల్లా వీధరుగు మీద పేపరు చదువుకుంటున్న నేను "ఏరా" అంటూ లేచి లోపలికెళ్ళేవాణ్ణి. అక్కా నేనూ గుమ్మంలో ఢీకొన్న సందర్భాలున్నాయి. దాదా అంటే తోబుట్టువైన ఆడపిల్ల. వాడి చెల్లెలు కాలేజీకి బయల్దేరుతుంటే సందు చివర్నుంచి "దాదా! దాదా!" అని కేకేశాడు. ముగ్గురు మగాళ్ళు వెనక్కి తిరిగారు, పిల్ల మాత్రం తిరగలేదు. సాయంత్రం వచ్చి "నేనేమైనా రౌడీనా?" అని దెబ్బలాడింది. తాతని బాబు అంటారట. మా నాన్నగారు అప్పటికే గోడ మీద పటంలో ఉండబట్టి సరిపోయింది. బతికుంటే ఎనభై దాటిన మనిషిని బాబూ అన్నందుకు చేతికర్రకు పని పడేది.

అంకెలు అమ్మకి బాగా పట్టుబడ్డాయి. మోజా, మ్బిలి, తాతు, న్నె, తానో, సీతా, సాబా... మ్బిలి ఆవిడ నోట్లో అంబిలి అయింది. ఆరో అంకె మా మేనత్త పేరు కాబట్టి మర్చిపోయే ప్రశ్నే లేదు.

ఇక గడియారం. స్వాహిలీ వాళ్ళకి గంటల లెక్క అర్ధరాత్రి మొదలవదు, తెల్లారితే మొదలవుతుంది. అక్కడ భూమధ్యరేఖ దగ్గర కాబట్టి ఏడాదంతా ఇంచుమించు ఆరింటికే పొద్దు పొడుస్తుంది. ఉదయం మన ఏడు వాళ్ళకి ఒకటి. మన ఎనిమిది వాళ్ళకి రెండు. మన మధ్యాహ్నం ఒంటిగంట వాళ్ళకి ఏడు. గడియారాన్ని ముట్టుకోనక్కర్లేదు, చిన్నముల్లుకి ఎదురుగా ఉన్న అంకె చదివితే చాలు.

నాకు తల తిరిగింది. బడిలో ముప్పయ్యేళ్ళు గంట ప్రకారం నడిచినవాణ్ణి. పన్నెండు అంటే పన్నెండే అనుకునే రకం. అమ్మ మాత్రం వక్క నములుతూ, "ఇందులో ఏటుంది? పొద్దెక్కి రెండు గంటలైతే రెండనక ఎనిమిదంటారేటి? మన జాములు అలాగే కదా" అంది. నిజమే. జాములు, గడియలు పొద్దు పొడుపు నుంచే లెక్క. రోజుకి 60 గడియలు, గడియకి 24 నిమిషాలు, ఏడున్నర గడియలు ఒక జాము అని పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణే నేను. వల్లె వేయించడం వేరు, వాచీ చూసుకోవడం వేరు.

వీడ్కోలు భోజనాలు గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి అనుకున్నాం. నలభై మంది. మేనకోడలు అందరికీ వాట్సాప్‌లో ఒంటిగంట అని పెట్టింది. టెంటు హౌస్ వాళ్ళకి కుర్చీలు కూడా చెప్పింది. వంట మాస్టారికి చెప్పే పని మాత్రం మావాడు తనే మీద వేసుకున్నాడు.

సోమవారం రాత్రి వాడు ఫాదరుగారితో ఫోన్లో అరగంట స్వాహిలీ మాట్లాడాడు. పెట్టేసి, అదే ఊపులో వంట మాస్టారికి కొట్టి, చక్కటి తెలుగులో, "గురువారం ఏడింటికల్లా వడ్డన మొదలైపోవాలి" అన్నాడు. నోరు తెలుగులోకి వచ్చింది గానీ గడియారం టాంజానియాలోనే ఉండిపోయింది.

ఇక్కడ నా వాటా. మర్నాడు వంట మాస్టారు నాకు ఫోన్ చేశాడు. "మాస్టారూ, గురువారం ఏడింటికే కదా?" ఆయన వంటంతా తన షెడ్డులోనే చేయించి డేక్షాలు ఆటోలో తెస్తాడు. ఒంటిగంట భోజనానికి పొద్దున్న ఏడింటికి పొయ్యి వెలిగిస్తాడన్నమాట అనుకున్నాను. "ఏడంటే ఏడే! ఏడూ అయిదు కాకూడదు!" అని బడి గొంతుతో గద్దించాను. ఆయన "అలాగే అలాగే" అని పెట్టేశాడు.

గురువారం పన్నెండున్నరకి కుర్చీలు వేశారు. పావు తక్కువ ఒకటికి చుట్టాలు దిగడం మొదలైంది. గోపాలపూర్ నుంచి బావ స్నేహితులు, ఛత్రపూర్ నుంచి పెద్దమ్మ కొడుకులు, చర్చిలో పాటలు పాడే కుర్రాళ్ళు, చివరగా వాడికి భాష నేర్పిన ఫాదరుగారు. మే నెల ఎండ. టెంటు కింద ఫ్యాన్లు వేడిగాలిని ఈ మూల నుంచి ఆ మూలకి మోస్తున్నాయి. ఒంటిగంట దాటింది. భోజనాల బల్లల మీద మంచినీళ్ళ గ్లాసులు తప్ప ఏమీ లేవు. నలభై మంది పదేపదే మంచినీళ్ళే తాగుతున్నారు.

ఒంటిగంటా పదికి వంట మాస్టారికి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నారు?"

"కోళ్ళ దుకాణం దగ్గర మాస్టారూ. ఇంకా కోయించలేదు. మీకేం టెన్షన్ వద్దు, ఏడూ అయిదు కానివ్వను."

ఫోను అలాగే చెవి దగ్గర పెట్టుకుని మావాడి వైపు చూశాను. వాడు నా మొహం చూశాడు. గోడ గడియారం చూశాడు. చిన్నముల్లు ఒంటిగంట దగ్గర, ఎదురుగా ఏడు. వాడి పెదవులు "సాబా" అన్నట్టు కదిలాయి. అంతే, మొహంలో రక్తం దిగిపోయింది.

"పోలె సానా! పోలె సానా!" అంటూ చుట్టాల మధ్య తిరగడం మొదలెట్టాడు. చాలా విచారిస్తున్నాను అని దాని అర్థం. ఆ గాభరాలో తెలుగు రాలేదు. ఛత్రపూర్ పెద్దాయన "ఏటి పోలేదు? సెప్టిక్ ట్యాంకా?" అని ముక్కు మూసుకున్నాడు.

విషయం అర్థమైంది ఒక్క ఫాదరుగారికే. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే భుజాలు ఎగరేసి నవ్వుతున్నాడు. ఈ నవ్వు అయ్యేలోగా కోళ్ళు ఉడకవు కదా!

అప్పుడు ఎదురింటి మావుసీ వచ్చింది. "కణ హెలా?" అని అడిగింది. అక్క ఏడుపు గొంతుతో చెప్పింది. ఆవిడ రెండు నిమిషాలు ఆలోచించి, చీర కొంగు దోపి, నాలుగు ఇళ్ళ తలుపులు కొట్టింది. మే నెల మధ్యాహ్నం బరంపురంలో పఖాళ లేని ఇల్లుంటుందా! ఒరియా వాళ్ళింట్లో పఖాళ, మనింట్లో తరవాణి అన్నం, పేరు ఏదైతేనేం, రాత్రి నీళ్ళు పోసి ఉంచిన కుండలే. పదిహేను నిమిషాల్లో ఏడెనిమిది కుండలు, దబరాలు మా అరుగు ఎక్కాయి. ఒకదాంట్లో నిమ్మాకు వేశారు, ఒకదాంట్లో పెరుగు కలిపారు, మా అమ్మ కుండలో వాము. వడియాలు వేయించి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి నలిపిన బడి చూరా ఒక బేసిన్‌డు వచ్చింది. ఎండుచేపలు కాలుతున్న వాసనకి కుర్రాళ్ళ మొహాలు విప్పారాయి.

తినడానికి విస్తరాకులు పనికిరావు, నీళ్ళన్నం కదా. అన్ని ఇళ్ళ స్టీలు గిన్నెలూ బయటికొచ్చాయి. మన స్టీలు గిన్నెకి పేరు చెక్కించకపోతే నిద్రపట్టదు. బావకి ఎవరిదో బారసాల గిన్నె వచ్చింది. నాకొచ్చిన దాని మీద ఒరియాలో "అమ్మగారింటి కానుక" అని ఉంది. ఫాదరుగారికి దక్కిన గిన్నె మీద ఒక జంట పేర్లు, పెళ్ళి తేదీ. ఆయన ఆ పేర్లు పైకి చదివి, ఆ జంటకి ఒక ప్రార్థన చెప్పి మరీ తిన్నాడు. మూడుసార్లు వేయించుకున్నాడు. ఆ గిన్నెలు ఎవరివి వాళ్ళకి చేర్చడానికి తర్వాత మాకు రెండు రోజులు పట్టింది. ఒక గరిటె ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, మాదంటూ ఎవరూ రాలేదు.

తిన్నాక అందరూ టెంటు కిందే కునికారు. సరిగ్గా ఏడింటికి, ఏడూ అయిదు కాకుండా, వంట మాస్టారు ఆటో దిగాడు. బిర్యానీ, కోడికూర, దాల్మా, ఖీరీ. నలభై మందికి చేసిన వంట, పగలు కుండలిచ్చిన ఇళ్ళవాళ్ళని కూడా కలిపి డెబ్బై మంది తిన్నారు. మాస్టారు నా దగ్గరికొచ్చి "టైముకి తెచ్చానా లేదా?" అన్నాడు. తెచ్చాడు. ఏమనగలను!

రాత్రి అమ్మ పక్క వేసుకుంటూ చావు కబురు చల్లగా చెప్పింది. "ఆడు ఫోన్లో ఏడన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ లెక్క ప్రకారం ఒంటిగంటే కదా అనుకున్నాను."

"మరి వంట మాస్టారికి ఆ లెక్క ఎలా తెలుస్తుందే?"

"ఈధిలో అందరికీ నేర్పుతున్నాడు, ఆయనకీ నేర్పే ఉంటాడనుకున్నాను."

మర్నాడు రైలుకి బయల్దేరేముందు స్టేషనుకి వచ్చే తొమ్మిది మందీ విడివిడిగా టికెట్టు అడిగి తీసుకుని టైము చూసుకున్నారు. నేను రెండుసార్లు చూశాను. గంటన్నర ముందే ప్లాట్‌ఫారం మీదున్నాం.

వెళ్ళిన వారానికి వాట్సాప్‌లో వాడి గొంతు వచ్చింది. ఆ రోజుల్లో వాడికి ఫోన్ చేయాలంటే నాకు కాగితం, పెన్సిలు కావలసి వచ్చేది. మన టైములోంచి రెండున్నర గంటలు తీసేస్తే అక్కడి టైము, దాంట్లోంచి ఇంకో ఆరు తీసేస్తే అక్కడివాళ్ళు నోటితో చెప్పే టైము. ఆ తీసివేతలయ్యేసరికి వాడు నిద్రపోయేవాడు. అందుకని వాడే గొంతు రికార్డు చేసి పంపేవాడు.

అందరం ఫోను చుట్టూ చేరాం. వాడు చెప్పింది ఇదీ. ఆదివారం మొదటి ఆరాధనకి "సా మ్బిలి"కి రమ్మన్నారట, అంటే రెండు గంటలకి. కొత్త ఊరు, కొత్త మనుషులు, కంగారు. ఆరు నెలల చదువు ఆ కంగారులో ఎగిరిపోయింది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఒక చెట్టు కింద ప్రసంగం వల్లె వేసుకుని, మధ్యాహ్నం మన రెండింటికి చర్చికి వెళ్ళాడట. తలుపుకి తాళం. గుమ్మంలో ఒక మేక. ఊరంతా పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి, వీడి కోసం చూసి చూసి, పాటలు పాడుకుని ఇళ్ళకి పోయారు.

అక్క తల పట్టుకుంది. నేను నవ్వలేదు, నవ్వే అర్హత నాకు లేదు. అమ్మ మాత్రం ఫోను దగ్గరగా లాక్కుని, వాడు ఎదురుగా ఉన్నట్టే గట్టిగా అరిచింది.

"అంబిలి అన్నాక పొద్దున్నే కాదేటిరా! అంబలి ఎవరైనా మిట్టమజ్జానం తాగుతారా?"